లేని దృశ్యానికి మెచ్చుకోలు

ఆదివారం పొద్దున్నే ఫోను మోగితే ఎవరికేమైందోనని దర్శకురాలి గుండె ఝల్లుమంటుంది. ఆ వేళ వరసగా ఐదుసార్లు మోగింది. ఎత్తిన ప్రతిసారీ అవతలి నుంచి ఒకటే మాట.

"పేపరు చూశావా? కత్తెర నిన్ను ఆకాశానికెత్తేశాడు!"

కత్తెర అంటే ప్రతి ఆదివారం పేపర్లో నాటకాల మీద రాసే విమర్శకుడు. ఆ పేరు నాటకాలవాళ్ళు కసికొద్దీ పెట్టింది. పంతొమ్మిదేళ్ళలో ఈవిడ ఆరు నాటకాలు వేస్తే ఆరింటినీ ఆయన కత్తిరించి పోగులు పెట్టాడు. మొదటిదాని గురించి, "ఇందులో కుర్చీలు చాలా సహజంగా నటించాయి" అని రాశాడు. మూడోదానికి, "మధ్యలో లేచి వెళ్ళిపోదామనుకున్నాను, చీకట్లో చెప్పులు దొరకలేదు" అన్నాడు. ఆరోదాని మీద రాసింది ఆమెకి కంఠతా వచ్చు: "ఈవిడకి అన్ని విద్యలూ వచ్చు, ఆపడం ఒక్కటి తప్ప."

అలాంటి మనిషి మెచ్చుకున్నాడంటే సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది.

"పేరు సరిగ్గా చూడండి. ఇంకెవరి నాటకమో అయ్యుంటుంది," అంది భర్తతో.

భర్తకి కళ్ళజోళ్ళ దుకాణం. ఇంట్లో ఏ అచ్చుకాగితం వచ్చినా చదివి వినిపించే హక్కు తనదేనంటాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, పేపరు బల్ల మీద పరిచి, గొంతు సవరించుకున్నాడు.

"నీదేనోయ్. 'తడి బట్టలు' అని ఇంత లావు అక్షరాలు. విను. 'ఈ నాటకం చూసొచ్చాక ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేకపోయాను...' అబ్బో! 'బట్టలుతికి బతికే తల్లి, తొమ్మిదేళ్ళుగా ఆమెతో మాట్లాడని పెద్దకూతురు. ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో గడిపిన ఒక్క రోజు కథ ఇది. మాటల్లేని ఆ తల్లీకూతుళ్ళు ఒక పెద్ద దుప్పటికి చెరో అంచూ పట్టుకుంటారు. ఒక్కరి చేతులకి లొంగే బట్ట కాదు కనక పట్టుకోక తప్పదు. మడత మడతకీ దగ్గరికొస్తారు, మళ్ళీ దూరం జరుగుతారు. ఆఖరి మడతకి వేళ్ళు తగులుతాయి. అంతే. ఆ నాలుగు నిమిషాల కోసం ఈ దర్శకురాలి వెనకటి ఆరు నాటకాల్నీ క్షమించేస్తున్నాను.'"

చదువుతున్నవాడు ఆగాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని భార్య వైపు చూశాడు.

"అదేంటి? ఆ దుప్పటి సీను తీసేశానన్నావుగా?"

"మంగళవారమే తీసేశాను," అంది.

మొదటి ప్రదర్శన జరిగింది శుక్రవారం. హాల్లో కూర్చున్న మూడువందల మందిలో ఒక్కరు కూడా ఆ దుప్పటిని చూడలేదు. చూసే అవకాశమే లేదు. కత్తెర మాత్రం చూశాడట, మెచ్చాడట, ఆరు నాటకాల్ని క్షమించాడట!

భర్త పేపరు మడిచి పెట్టేశాడు. "పోనీలే, తిట్టినప్పుడు చూసే తిట్టాడని గ్యారంటీ ఏముంది?" అని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

ఆ సీను సంగతి తెలిసినవాళ్ళు బృందంలో పన్నెండు మంది. ఒక్కొక్కర్నే తలుచుకుంది. తల్లి వేషం వేసే పెద్దావిడ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఊళ్ళోవాళ్ళ మాటలన్నీ విన్న చెవులు గానీ, ఒక్కటీ బయట పెట్టిన నోరు కాదు. పెద్దకూతురి వేషం వేసే అమ్మాయికి పేపరువాళ్ళతో పరిచయాలే లేవు. మిగతావాళ్ళు వేషాలు చిన్నవైనా మనుషులు మంచివాళ్ళు. ఎటు తిప్పినా లెక్క తమ్ముడి దగ్గరికొచ్చి ఆగుతోంది.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, పిన్ని కొడుకు. పగలు ప్రింటింగ్ ప్రెస్సులో పని, సాయంత్రం అక్క నాటకాల్లో పని. స్టేజీ వెనకాల సమస్తం అతనే. తెర లేపేదీ, లైట్లకి సైగ చేసేదీ, మాట మర్చిపోయినవాళ్ళకి అందించేదీ, ప్రకటన పట్టుకుని పేపరాఫీసుకి వెళ్ళేదీ అన్నీ అతనే. పద్నాలుగేళ్ళుగా ఇదే వరస. ఆ దుప్పటి సీను తీసేస్తానన్న రోజు పోట్లాడిందీ అతనొక్కడే.

"అక్కా, చీర నుంచి అంచు కోసేసినట్టుంటుంది. వద్దు," అన్నాడు.

"నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే జనం దగ్గుతారురా. ఆ కత్తెర అయితే ఇక చెప్పక్కర్లేదు."

"ఒక్కడి కోసం తీసేస్తావా?"

"తీసేశానంతే."

అప్పుడతను మొహం ముడుచుకుని వెళ్ళిపోయిన తీరు ఇప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం నాటకమయ్యాక, "కత్తెర వచ్చాడా?" అని తనడిగితే, "ఆఁ, వచ్చాడక్కా, వెనకెక్కడో కూర్చున్నాడు" అని గబగబా అనేసి పక్కకి తప్పుకున్న తీరూ గుర్తొచ్చింది. అనుమానం పెనుభూతం అంటారు. ఆదివారమంతా ఆ భూతం ఆమెతో పాటే తిరిగింది, ఆమె కంచంలోనే తిన్నది.

సోమవారం సాయంత్రం నాలుగింటికి బృందమంతా హాల్లో కలిశారు. మేకప్ గదిలో అద్దానికి పేపరు ముక్క అతికించారు. పెద్దావిడ దాన్ని నాలుగోసారి చదువుతోంది.

"అమ్మాయీ, నా వేళ్ళ గురించి కూడా రాశాడు. డెబ్బై ఏళ్ళొచ్చాక నా వేళ్ళని మెచ్చుకున్న మొదటి మగాడు!" అని పగలబడి నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, "కానీ ఆ సీను మనం..." అని నసిగింది. గదిలో అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అందరికీ తెలుసు, ఎవరూ అనడం లేదు.

దర్శకురాలు టికెట్ల గదిలోకి వెళ్ళింది. అతిథులకి పక్కనపెట్టే పాసుల సొరుగు లాగింది. అడుగున ఒక్క కవరు మిగిలుంది. మొదటి వరస, మూడో సీటు. పైన విమర్శకుడి పేరు తమ్ముడి చేతిరాతలోనే ఉంది. అంటించిన కవరు అంటించినట్టే ఉంది.

కవరు పట్టుకుని స్టేజీ మీదికి వచ్చింది. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని బట్టలారేసే తీగ బిగిస్తున్నాడు.

"ఇదేంట్రా?"

అతను తీగ వదిలేశాడు. "అది... మొదటిరోజు నీ మనసు పాడవుతుందని చెప్పలేదక్కా. ఆయన రాలేదు."

"వచ్చాడన్నావు."

"అన్నాను. తప్పే."

"రానివాడు ఎలా రాశాడు? తీసేసిన సీను వాడికెలా తెలిసింది? ఆ రాతప్రతి నా దగ్గర ఒకటి, నీ దగ్గర ఒకటి. పేపరాఫీసుకి వెళ్ళేది నువ్వు. సీను కోసం పోట్లాడింది నువ్వు." గొంతు పెరిగిపోతోందని ఆమెకే తెలుస్తోంది. అయినా ఆగలేదు. "ఏం చెప్పి రాయించావు? అక్క ముసల్దైపోయింది, ఒక్కసారైనా మెచ్చుకోండి బాబూ అని కాళ్ళు పట్టుకున్నావా?"

పదకొండు మందీ తెర పక్కన నిలబడిపోయారు. తమ్ముడు లేచాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నేను రాయించలేదక్కా."

"మరెవరు?"

"నాకు తెలీదు. నేను కాదు. ఇంతే చెప్పగలను."

"ఒక అబద్ధం ఆడినవాడి రెండో మాట ఎలా నమ్మమంటావు?"

అతను నడుముకి తగిలించుకున్న తాళాల గుత్తి తీసి, ఏ నిమిషానికి ఏ లైటు వెలగాలో పద్నాలుగేళ్ళ అనుభవంతో గుర్తులు పెట్టుకున్న రాతప్రతి తీసి, రెండూ కుర్చీలో పెట్టాడు. "శనివారం ఆటకి మూడో లైటు కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది, ఒక క్షణం ముందే సైగ చెయ్యండి," అని ఎవరికీ కాకుండా గాలికి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

పెద్దావిడ ఒక్కతే నోరు తెరిచింది. "తొందరపడ్డావమ్మా."

మర్నాడు పొద్దున పేపరాఫీసుకి ఫోను చేస్తే, ఆయన నాలుగు నెలలుగా ఆఫీసుకే రావడం లేదని, రాసింది ఫోన్లోనే పంపుతున్నాడని చెప్పారు. దర్శకురాలికి అనుమానం రెండింతలైంది. అడ్రసు రాసుకుని బయల్దేరింది. తీరా చూస్తే ఆ ఇల్లు వాళ్ళు నాటకమాడే హాలున్న వీధిలోనే, చివర్న, రెండో అంతస్తు.

తలుపు తీసిన మనిషి ఆమె ఎరిగిన కత్తెర కాదు. ఇస్త్రీ చొక్కా, ఎత్తిన గడ్డం, ఏవీ లేవు. మాసిన బనీను, చేతుల నిండా సబ్బు వాసన. ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు. వస్తుందని తెలిసినట్టే పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

గదిలో కుర్చీల మీద, కిటికీకి, తలుపులకి, ఎక్కడ చూసినా ఉతికిన దుప్పట్లే. లోపలి గదిలో మంచం మీద ఒకావిడ పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకి జారి ఉంది.

"మా ఆవిడ," అన్నాడు. "నాలుగు నెలలైంది. కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. కూర్చోండి. ఆ కుర్చీలో దుప్పటి తీసెయ్యండి, ఫరవాలేదు."

ఆమె కూర్చోలేదు. అనవలసిన మాటలన్నీ దారి పొడవునా కూడబలుక్కుని వచ్చింది. ఇప్పుడు వాటిలో ఒక్కటే మిగిలింది.

"శుక్రవారం మీరు రాలేదు."

"రాలేదు."

"మరి ఎవరు రాసిచ్చారు?"

అప్పుడు మాత్రం పాత కత్తెర ఒక్క క్షణం బయటికొచ్చాడు. "నాకు రాసిచ్చే మొనగాడు ఈ ఊళ్ళో పుట్టలేదమ్మా." మళ్ళీ తగ్గాడు. "సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నర్సు వస్తుంది. ఆ రెండు గంటలూ నన్ను ఇంట్లో ఉండొద్దంటుంది, అడ్డమట. ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. మీ హాలు కాపలాదారు నాకు పాత స్నేహితుడు. బాల్కనీలోకి పంపించాడు. మీరు కింద రిహార్సల్ చేస్తుంటే పైన చీకట్లో కూర్చునేవాణ్ణి. తొమ్మిది రోజులు వచ్చాను. మంగళవారం నుంచి ఈవిడకి జ్వరం, మరి రాలేదు. శుక్రవారం రాత్రి ఎవర్ని కూర్చోబెట్టి రాను? శనివారం మధ్యాహ్నానికి కాలమ్ ఇవ్వాలి. చూసిందే కదా అని రాసేశాను."

"మార్చి ఉంటానని అనుకోలేదా?"

"మీరా? పంతొమ్మిదేళ్ళలో మీరు ఒక్క ముక్క తీసిన పాపాన పోలేదు. అదే కదా నా ఏడుపంతా!" అని ఆగాడు. "ఏం తీశారు?"

"దుప్పటి సీను."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆరిన దుప్పటి ఒకటి లాగాడు. అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ చాచి మడవబోయాడు. సగంలో జారిపోయింది. ఆమె చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి.

"వద్దు. అలవాటైంది," అన్నాడు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. "ఎందుకు తీశారు?"

"మీకు భయపడి."

దుప్పటి మడత సగంలోనే ఆగింది.

ఆమెకి ఇంకా ఒక ముల్లు మిగిలి ఉంది. లోపలి మంచం వైపు చూస్తూ, "ఏమీ అనుకోకండి. మీరు మెచ్చుకున్నది నా నాటకాన్నా, మీ కష్టాన్నా?" అని అడిగేసింది.

"తేడా నాకు తెలియడం లేదు," అన్నాడు. "నాలుగు నెలల ముందైతే నేనూ ఆ సీన్లో దగ్గేవాణ్ణేమో. అబద్ధం ఎందుకు చెప్పను?"

"బాగాలేనివి ఏవీ కనబడలేదా తొమ్మిది రోజుల్లో?"

"ఎందుకు కనబడలేదు! చిన్నకూతురి ఏడుపు వినలేక చెవులు మూసుకున్నాను. ఆ పిల్ల నిజంగా ఏడుస్తోంది, అదే తంటా. రెండో అంకంలో పక్కింటాయన ఎందుకొచ్చాడో ఆయనకే తెలీదు. దొంగచాటుగా చూసినవాడికి తప్పులెన్నే నోరెక్కడిది అని ఊరుకున్నాను. మీరు పేపరువాళ్ళకి చెప్పుకోవచ్చు. చూడని ఆట మీద రాయడం తప్పే."

"నేనెవరికీ చెప్పను," అని ఆమె మెట్లు దిగింది. చిన్నకూతురి ఏడుపు గురించి ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. అది విన్నాకే, వింతగా, ఆ మెప్పు కూడా నిజమేనేమోనని మొదటిసారి అనిపించింది.

వీధిలోకి రాగానే కాళ్ళు తమ్ముడింటి వైపు తిరిగాయి. తలుపు దగ్గర మరదలు నిలబడింది. ఎప్పుడూ "రండి వదినా" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళే పిల్ల, ఆ వేళ గుమ్మంలోంచి జరగలేదు. "భోజనం చేస్తున్నారు," అంది అంతే.

తమ్ముడే చెయ్యి కడుక్కుని బయటికొచ్చాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. బాల్కనీ, నర్సు, జ్వరం, దుప్పట్లు. "తప్పు నాదేరా. సీను మళ్ళీ పెడుతున్నాను. రా," అంది.

అతను శ్రద్ధగా విన్నాడు. "సీను పెట్టు, మంచిదే," అన్నాడు. "కానీ ఒక్కటి చెప్పు. నేను కాదని నేనే చెప్పాను నిన్న. నమ్మలేదు. అదే మాట ఆయన చెబితే ఇవాళ నమ్మావు. పంతొమ్మిదేళ్ళు నిన్ను తిట్టినవాడి మాట చెల్లింది, పద్నాలుగేళ్ళు నీ వెనకాల నిలబడ్డవాడి మాట చెల్లలేదు. ఎందుకక్కా?"

జవాబు కోసం ఆగకుండా అతను లోపలికి వెళ్ళిపోయాడు.

శనివారం ఆటలో దుప్పటి సీను ఉంది. తెర వెనక సైగలు ఆమే చేసుకుంది. మూడో లైటుకి అతను చెప్పినట్టే ఒక క్షణం ముందు చెయ్యెత్తింది, సరిగ్గా అందుకుంది. పెద్దావిడా పెద్దకూతురి వేషం వేసే అమ్మాయీ మడత మడతకీ దగ్గరవుతుంటే హాల్లో ఒక్కరూ దగ్గలేదు.

మర్నాటి పేపర్లో కత్తెర నాలుగు లైన్లు రాశాడు. "పోయినవారం నేను మెచ్చిన నాటకం మొదటి ప్రదర్శన నేను చూడలేదు. రిహార్సళ్ళు చూసి రాశాను. దర్శకురాలికి ఆ సంగతి తెలియదు. పాఠకులకి క్షమాపణలు." ఆమె అడగలేదు, ఆయనే రాసుకున్నాడు. పేపరువాళ్ళు ఆయన కాలమ్ ఆపేశారు.

దాంతో ఊరికి పండగైపోయింది. "చూశావా, అప్పుడే అనుకున్నాం," అన్నారు నాటకాలవాళ్ళు. వీధిలో ఆ చివర ఆయన ఇల్లు, ఈ చివర ఈవిడ హాలు, తెలియదంటే నమ్మడానికి మా చెవుల్లో పువ్వులున్నాయా అన్నారు. మొన్న ఫోను చేసి పొగిడిన ఐదుగురిలో నలుగురు ఇప్పుడు చేయడం మానేశారు. ఆమె ఎదురుపడితే మాట మార్చేవాళ్ళు. తను తమ్ముణ్ణి చూసిన చూపు ఎలాంటిదో ఆమెకి అప్పుడు తెలిసొచ్చింది.

నాటక సంఘం సమావేశంలో కార్యదర్శి లేచి, ఎవరి పేరూ ఎత్తకుండానే, "విమర్శకుల్ని రహస్యంగా రిహార్సళ్ళకి పిలిపించుకునే సంస్కృతి మన మధ్యకొచ్చింది," అన్నాడు. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె లేచి, "నాకు తెలియదు. నేను పిలవలేదు," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకేం చెప్పినా అంతే కదా అని కూర్చోబోయింది.

వెనక వరసలోంచి తమ్ముడు లేచాడు. అతను వచ్చాడని కూడా ఆమెకి తెలియదు.

"నాకు తెలుసండీ ఆవిడకి తెలియదని," అన్నాడు. "ఆ పొగడ్త అచ్చైన మర్నాడే ఆవిడ నన్ను పదకొండు మంది ముందు నిలబెట్టి కడిగేసింది, నువ్వే రాయించావని. నేను పని మానేసి ఇంట్లో కూర్చున్నాను. తనే పిలిపించుకున్నదైతే నన్నెందుకు అంటుంది? ఇక్కడ ఆ పదకొండు మందిలో ఏడుగురున్నారు, అడగండి."

పెద్దావిడ కూర్చున్నచోటు నుంచే గొంతెత్తింది. "అడగడమెందుకు, చెవులారా విన్నాను. కడిగింది కడిగినట్టు వినిపించమంటే ఇప్పుడే వినిపిస్తాను!"

జనం నవ్వేశారు. కార్యదర్శి తరవాతి అంశంలోకి వెళ్ళిపోయాడు. దర్శకురాలు మాత్రం తలెత్తలేదు. తను చేసిన అన్యాయమే తనకి సాక్ష్యమై నిలబడింది. అంతకన్నా సిగ్గు ఇంకేముంటుంది?

సోమవారం తమ్ముడు హాలుకి వచ్చాడు. తను వదిలి వెళ్ళిన తాళాలు తీసుకుని నడుముకి తగిలించుకున్నాడు. పనిలో తేడా లేదు, టైములో తేడా లేదు. "మూడో లైటు మార్చాలి మేడమ్," అన్నాడు. ఆ మేడమ్ అన్న మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. వారం గడిచింది, నెల గడిచింది, మేడమ్ మేడమ్‌గానే ఉంది. ఇంట్లో భర్తతో చెప్పుకుంటే, "అద్దం పగిలితే కొత్తది బిగిస్తాను గానీ, చూపుకి మాత్రం టైము పడుతుందోయ్," అన్నాడు ఆయన.

ఆ వర్షాకాలం చివర్లో కొత్త నాటకం మొదలుపెట్టారు. మొదటిరోజు చదవడం అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. ఆమె రాతప్రతి తిరగేస్తూ మూడో అంకంలో ఒక పేజీ దగ్గర ఆగింది. పెన్ను తెరిచింది, మూసింది.

"ఇది ఉంచాలా, తీసెయ్యాలా?" అని అడిగింది.

తమ్ముడు కుర్చీలు పేరుస్తున్నాడు. "మీ ఇష్టం మేడమ్."

"నా ఇష్టం కాదు. నువ్వు చెబితే అదే చేస్తాను."

అతను చేతిలో కుర్చీ కిందపెట్టాడు. ఆమె మొహం వైపు అనుమానంగా చూశాడు. నిజంగానే అడుగుతోందా, లేక తనని మంచి చేసుకోడానికా అని తేల్చుకుంటున్నట్టు చాలాసేపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు, తొందరపెట్టలేదు. తరవాత అతను దగ్గరికొచ్చి, రాతప్రతి తన వైపు తిప్పుకుని, నిలబడే ఆ పేజీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.